గండికోట అంచున ఎర్ర చుక్క

ఫోన్ కెమెరా నుంచి డీఎస్‌ఎల్‌ఆర్‌కు మారినవాళ్ళ మొదటి ఫిర్యాదు ఊరూరా ఒకటే. ఇంత డబ్బు పోసి కొన్నాం, ఫోన్లో వచ్చినంత బాగా కూడా రావడం లేదేమిటి అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. గండికోటలో పెన్నా లోయ అంచున ఇద్దరు పక్కపక్కన నిలబడి, ఒకరు ఫోన్‌తోనూ ఇంకొకరు కొత్త కెమెరాతోనూ ఒకే దృశ్యాన్ని తీస్తే, చాలాసార్లు ఫోన్ ఫొటోలోనే కాళ్ళ దగ్గరి బండ నుంచి అవతలి గట్టు దాకా అంతా తేటగా ఉంటుంది. కెమెరా ఫొటోలో ముందున్న బండ మీది పగుళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తాయి, లోయ మాత్రం మసకబారుతుంది. చూడటానికి వచ్చింది లోయను, ఫొటోలో మిగిలింది బండ. దీనికి లెన్స్‌ను తిట్టేవాళ్ళున్నారు, ఇంకా ఖరీదైన లెన్స్ కొనేవాళ్ళూ ఉన్నారు. అసలు చిక్కు పనిని పంచుకోవడంలో ఉంది. ఫోకస్ స్పష్టతకు సంబంధించిన సంగతి, అది కెమెరా చూసుకుంటుంది. కంపోజిషన్ అందానికి సంబంధించిన సంగతి, అది మనం చూసుకుంటాం అని రెండు వాటాలు వేసేసుకుంటాం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఈ పంపకం చెల్లదు. వ్యూఫైండర్లో వెలిగే ఆ చిన్న ఎర్ర చుక్క ఎక్కడ పడాలో నిర్ణయించడమే కంపోజిషన్‌లో మొదటి పని. ఈ మాట నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి రాయలసీమ దారి మంచి పరీక్ష. బెలుంలో చీకటి, గండికోటలో లోతు, లేపాక్షిలో పైకప్పు, వీరాపురంలో రెక్కలు ఆటోఫోకస్‌ను ఒక్కోటి ఒక్కో రకంగా ఇరుకున పెడతాయి.

ముందు ఫోన్ ఎందుకంత ఉదారంగా ఉంటుందో చూడాలి. దాని ప్రధాన లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ ఐదారు మిల్లీమీటర్లే. ఫోకల్ లెంగ్త్ తగ్గేకొద్దీ ఫొటోలో స్పష్టంగా నిలిచే లోతు పెరుగుతుంది కాబట్టి, ఫోన్లో మూడు నాలుగు మీటర్ల దూరాన ఫోకస్ కుదిరిందంటే దాని వెనక ఆకాశం దాకా అన్నీ తేటగానే వస్తాయి. ఫోకస్ కాస్త తప్పినా కంటికి తెలియదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో కనిపించే మసక కూడా చాలామటుకు సాఫ్ట్‌వేర్ పూసిందే. డీఎస్‌ఎల్‌ఆర్‌తో పాటు వచ్చే 18–55 లెన్స్ లెక్క వేరు. 18 మి.మీ. దగ్గర, ఎఫ్/4 అపర్చర్‌లో, మీటరు దూరంలోని బండ మీద ఫోకస్ పడితే స్పష్టంగా ఉండేది సుమారు 80 సెంటీమీటర్ల నుంచి 1.3 మీటర్ల దాకానే. 50 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/1.8 దాకా తెరిచి రెండు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే ఆ లోతు 11, 12 సెంటీమీటర్లకు పడిపోతుంది, అంటే అర జానెడు. లెన్స్ మంచిదయ్యేకొద్దీ, అపర్చర్ పెద్దదయ్యేకొద్దీ, ఏది స్పష్టంగా ఉండాలి అన్న ప్రశ్నకు తప్పు జవాబు చెప్పే అవకాశం పెరుగుతుంది. ఖరీదైన లెన్స్ కొన్నాక ఫొటోలు ఇంకా పాడయ్యాయని వాపోయేవాళ్ళకు జవాబు ఈ అంకెల్లోనే ఉంది.

ఆటోఫోకస్ చేసే పని అద్భుతమే, కానీ అది చూసే లోకం చాలా ఇరుకు. లెన్స్ గుండా వచ్చిన వెలుగులో ఎక్కువ భాగం అద్దం మీద పడి వ్యూఫైండర్‌కు పోతుంది. మిగిలింది ఆ అద్దంలోనే సగం పారదర్శకంగా ఉండే చోటు గుండా దూరి, వెనకున్న ఇంకో చిన్న అద్దాన్ని తాకి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌ను చేరుతుంది. అక్కడ దృశ్యం రెండు ప్రతిబింబాలుగా చీలుతుంది. వాటి మధ్య ఎడాన్ని కొలిచి, లెన్స్ ఎటు తిరగాలో ఎంత తిరగాలో కెమెరా ఒక్క దెబ్బలో తేల్చేస్తుంది. 1985లో మినోల్టా 7000 ఈ పద్ధతిని కెమెరా లోపలే అమర్చి జనం చేతికిచ్చింది. 1987లో కెనాన్ తన ఈఓఎస్ వరసను మొదలుపెట్టింది. అయితే ఈ కొలత జరిగేది ఫోకస్ పాయింట్లున్న చోట్ల మాత్రమే. కెనాన్ 1500డీలో అవి 9, నికాన్ డీ3500లో 11, డీ5600లో 39. అన్నీ ఫ్రేమ్ నడిమి భాగంలో గుమిగూడి ఉంటాయి, అంచుల్లో ఒక్కటీ ఉండదు. ఏ పాయింట్ వాడాలో కెమెరాకే వదిలేస్తే అది సాధారణంగా తనకు అందిన వాటిలో దగ్గరగా ఉన్నదాన్ని, వెలుగునీడల తేడా బాగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. పెళ్ళి ఫొటోకు, పుట్టినరోజు ఫొటోకు ఈ ఊహ సరిపోతుంది, మనుషులు ముందుంటారు, గోడ వెనక ఉంటుంది. కానీ ఇది ఊహే. మనకు కావలసింది దగ్గర్లో ఉంటుంది, మధ్యలో ఉంటుంది అని ఎవరో ఇంజినీరు ముందే అనుకుని పెట్టిన లెక్క. అంటే కెమెరా మనకు తెలియకుండా కంపోజిషన్ కూడా చేసేస్తోంది.

బనగానపల్లె దాటి కొలిమిగుండ్ల వైపు సాగితే నాపరాళ్ళ దొంతరలు, రాతి పొడితో తెల్లబడ్డ పాలిషింగ్ యూనిట్లు కనిపిస్తాయి. ఆ సున్నపురాయి నేల కిందే బెలుం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1982–83లో, డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా సందర్శకులు నడవొచ్చు. లోపల వెలుగంతా పసుపు దీపాలదే. ఏసీ కారులోంచి దిగి తిన్నగా గుహలోకి దిగితే ఆ ఉక్కకు లెన్స్ మీద ఆవిరి పడుతుంది. మొదటి పది ఫొటోలు మసకగా వచ్చాయని ఫోకస్‌ను అనుమానించేవాళ్ళు ముందు లెన్స్ అద్దాన్ని చూసుకోవాలి. ఆవిరి పోయాక అసలు పరీక్ష మొదలవుతుంది. సింహద్వారం దగ్గరో, కోటిలింగాల దగ్గరో నునుపైన రాతి మీద పాయింట్ పెట్టి షట్టర్ బటన్ సగం నొక్కితే లెన్స్ అటూ ఇటూ తచ్చాడుతుంది, ఎక్కడా ఆగదు. లైవ్ వ్యూలో పెడితే, వెలుగునీడల తేడాను వెతుక్కునే పాత పద్ధతి ఉన్న మోడళ్ళలో ఆ తచ్చాట ఇంకా ఎక్కువ. కారణం చీకటి ఒక్కటే కాదు. ఫోకస్ సెన్సర్‌కు రాయి అక్కర్లేదు, గీత కావాలి. వెలుగు ఆగి నీడ మొదలయ్యే అంచు మీదకు చుక్కను జరిపితే అదే చీకట్లో అదే లెన్స్ వెంటనే నిలబడుతుంది.

బెలుం ఇచ్చే సాక్ష్యం ఇక్కడే ఉంది. ఆ గుహలో రాతికి రూపం ఇస్తున్నదేమిటి? వెలుగునీడల అంచే. వెయ్యి పడగల దగ్గర కప్పు నుంచి వేలాడే రాళ్ళు ఫొటోలో పడగల్లా కనిపించాలంటే కంటిని నడిపించేది ఆ అంచులే. ఫోకస్ పట్టడానికి వెతుక్కున్న చోటూ, ఫొటోకు బలమిచ్చే చోటూ ఒక్కటే అయ్యాయి. ఇది కాకతాళీయం కాదనే నా అభిప్రాయం. యంత్రానికి తేడా కావాలి, కంటికీ తేడానే కావాలి. చుక్కను ఎక్కడ పెట్టాలని వెతికేవాడు తెలియకుండానే ఫొటోలో ఏముందని వెతుకుతున్నాడు. చుక్కను కెమెరాకు వదిలేసినవాడికి ఆ వెతుకులాటే లేదు. తచ్చాట ఆపడానికి ఫోకస్ సాయపు లైటు వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు, పని చేస్తుంది. కాకపోతే ముందు నడిచేవాళ్ళ కళ్ళల్లో పడుతుంది, పైగా ఆ లైటు పడినంత దూరమే కెమెరాకు లోకమవుతుంది.

బెలుం నుంచి గండికోటకు జమ్మలమడుగు మీదుగా పోతే చీకటి పోయి లోతు ఎదురవుతుంది. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారే చోట రెండు వైపులా క్వార్ట్‌జైట్ రాయి పొరలు పొరలుగా లేచి ఉంటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి వరసకు గండికోట పేరే పెట్టారు. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి వచ్చింది ఇక్కడికే. ఈ లోయలో ఆటోఫోకస్ రెండు చోట్ల తడబడుతుంది. మొదటిది పొరల వల్ల. ఇక్కడి గీతలన్నీ అడ్డంగా ఉంటాయి. కెనాన్ 1500డీ, నికాన్ డీ3500 లాంటి కెమెరాల్లో మధ్య పాయింట్ ఒక్కటే క్రాస్ రకం, అంటే అడ్డగీతనూ నిలువుగీతనూ పసిగట్టగలది. పక్కనున్నవి ఒక్కోటి ఒక్క దిశ గీతనే చూస్తాయి. ఎదుట అంత పెద్ద కొండచరియ ఉండి, ఎండ పడుతూ ఉండి, అంచు పాయింట్‌తో ఫోకస్ నిలవకపోతే కెమెరా చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. రాతిలో ఒక నిలువు చీలికనో, పొదనో వెతికి దాని మీద పెట్టాలి. లేదా కెమెరాను నిలువుగా తిప్పి ఫోకస్ పట్టి, బటన్ వదలకుండా మళ్ళీ అడ్డంగా తిప్పుకోవాలి. చూడటానికి గారడీలా ఉంటుంది గాని లెక్క సరైనదే.

రెండోది ముందున్న బండతో. 18 మి.మీ. దగ్గర ఎఫ్/8 పెట్టి రెండు మీటర్ల దూరంలో ఫోకస్ పడితే మీటరు నుంచి అవతలి గట్టు దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అదే ఎఫ్/8లో ఫోకస్ మీటరులోపు బండ అంచున పడితే లోయ మసకే. రెండు ఫొటోలకూ అపర్చర్ ఒకటే, లెన్స్ ఒకటే, నిలబడ్డ చోటు ఒకటే. చుక్క మీటరు జరిగింది, అంతే తేడా. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. బండ స్పష్టంగా ఉండి లోయ మసకగా ఉన్న ఫొటో తప్పు ఫొటో ఏమీ కాదు. ఆ బండ అంచున ఒక పిల్లవాడు కూర్చుని ఉంటే, ఫొటో ఆ పిల్లవాడి గురించైతే, లోయ మసకబారడమే మేలు. అప్పుడు లోయ వెనకటి రంగై పోతుంది, పిల్లవాడు నిలుస్తాడు. లోయ గురించి తీయాలనుకుని బండ గురించిన ఫొటో తెచ్చుకోవడంలో ఉంది పొరపాటు. ఫోకస్ ఒక వాక్యానికి కర్త లాంటిది. కర్త మారితే మిగతా మాటలన్నీ అవే ఉన్నా చెప్పేది మారిపోతుంది. కర్తను ఎంచుకునే పని యంత్రానిది కాదు.

అలాగని ప్రతి ఫొటోకూ చుక్క గురించి ఇంత తపన పడాలని కాదు. కోట లోపల జామా మసీదు మీనార్లను, వాటి వెనక మాధవరాయ ఆలయ గోపురాన్ని ఒకే ఫ్రేమ్‌లో కూర్చాలనుకుందాం. 55 మి.మీ. దగ్గర ఎఫ్/5.6లో, పాతిక ముప్ఫై మీటర్ల అవతల ఉన్న దేని మీద ఫోకస్ పడినా అంతకు వెనకవన్నీ స్పష్టంగానే వస్తాయి. మీనారు మీద పెట్టినా గోపురం మీద పెట్టినా ఒకటే. దూరపు దృశ్యాలు తీసేవాళ్ళకు ఫోకస్ పాయింట్ల గోల అనవసరం అనేవాళ్ళ మాటకు ఇంతవరకు బలముంది. అయితే అదే చోట నుంచి 300 మి.మీ. లెన్స్ పెడితే ఈ వెసులుబాటు ఎనిమిది వందల మీటర్ల అవతలికి జరిగిపోతుంది. మీనారా, గోపురమా అన్న ప్రశ్న మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మరో మాట. వ్యూఫైండర్లో కన్ను ఉండగా లోయ అంచున వెనక్కో పక్కకో అడుగు వేయకండి. ఫ్రేమ్ సరిచేసుకోవాలంటే కెమెరా దించి, నేల చూసి జరగండి.

ఫోకస్‌ను, కంపోజిషన్‌ను విడదీసి చూడటం ఎప్పటి నుంచో ఉన్నది కాదు, ఆటోఫోకస్‌తో వచ్చింది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలపు ప్లేట్ కెమెరాల్లో దృశ్యం వెనకున్న గరుకు గాజు మీద తలకిందులుగా పడేది. నల్లగుడ్డ కప్పుకుని ఆ గాజును చూస్తూ చేత్తో ఫోకస్ చేసేవాళ్ళు. గాజు మీద మధ్య అనీ అంచు అనీ తేడా లేదు, ఏ మూలనైనా స్పష్టం చేసుకోవచ్చు. ఫ్రేమ్ మొత్తం చూస్తూనే, ఇందులో ఏది పదునుగా ఉండాలి అని తేల్చుకునేవాళ్ళు. పాయింట్ల వరస వచ్చాక ఆ స్వేచ్ఛ మధ్యకు కుంచించుకుపోయింది. ఫ్రేమ్‌ను అడ్డంగా నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని గీతలు కలిసే చోట పెట్టమనే సూత్రం అందరికీ తెలుసు. జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్లేయుడు 1797లోనే చిత్రకళ గురించి ఈ మూడో వంతు సూత్రం రాశాడు. తక్కువ పాయింట్లున్న చాలా కెమెరాల్లో ఆ కూడళ్ళ మీద సరిగ్గా ఒక్క పాయింటూ పడదు. సూత్రం పక్కకు పొమ్మంటుంది, పరికరం మధ్యకు రమ్మంటుంది. కొత్తవాళ్ళ ఫొటోల్లో మనుషులు మేకు కొట్టినట్టు నట్టనడుమ నిలబడటానికి అభిరుచి లేకపోవడం ఎంత కారణమో ఈ లాగుడూ అంతే కారణం.

ఈ లాగుడుకు సులువైన విరుగుడు ఉంది కదా అని అనుభవజ్ఞులు అడ్డు తగులుతారు. మధ్య పాయింట్‌తో ఫోకస్ పట్టు, బటన్ సగం నొక్కి ఉంచు, కెమెరా తిప్పి ఫ్రేమ్ సరిచేసుకో. దశాబ్దాలుగా లక్షల ఫొటోలు ఇలాగే తీశారు. దీన్ని లెక్కతో ఖండించేవాళ్ళు ఉన్నారు, కెమెరా తిప్పితే ఫోకస్ తలం వెనక్కి జరుగుతుందని. జరిగే మాట నిజమే, ఎంత అన్నది చూడాలి. 50 మి.మీ. లెన్స్‌తో రెండు మీటర్ల దూరంలోని కంటి మీద ఫోకస్ పట్టి, ఆ కన్ను మూడో వంతు గీత మీదకు వచ్చేలా తిప్పితే జరిగేది ఆరు మిల్లీమీటర్లు. దాదాపు ఫ్రేమ్ అంచు దాకా తిప్పితే ఐదు సెంటీమీటర్లు. ఎఫ్/1.8లో కూడా మొదటిది లెక్కలోకి రాదు, రెండోది మాత్రం ఫొటోను పాడు చేస్తుంది. కాబట్టి జామెట్రీ పేరు చెప్పి ఈ పద్ధతిని కొట్టిపారేయడం అన్యాయం. నా అభ్యంతరం వేరు. కెమెరా తిప్పేటప్పుడు మనిషి ఒళ్ళు కూడా ఊగుతుంది, ఆ ఊగులాట ఆరు మిల్లీమీటర్ల కంటే ఎక్కువే. ఎదుటి మనిషీ బొమ్మలా నిలబడడు. అన్నిటికీ మించి, ఫ్రేమ్‌ను రెండుసార్లు చూడాలి. మొదటిసారి మధ్యను మాత్రమే చూస్తాం, రెండోసారి తొందరలో చూస్తాం. మూలల్లో దూరిన కరెంటు తీగ, ఎవరిదో మోచేయి, సగం తెగిన గోపుర కలశం ఆ తొందరలోనే తప్పించుకుంటాయి. ముందే పాయింట్‌ను పక్కకు జరిపి పెట్టుకున్నవాడు ఫ్రేమ్‌ను ఒక్కసారే చూస్తాడు, పూర్తిగా చూస్తాడు.

లేపాక్షిలో ఈ తేడా బాగా బయటపడుతుంది. విజయనగర కాలంలో, పదహారో శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం ఇది. వచ్చినవాళ్ళంతా ముందు వేలాడే స్తంభం దగ్గరకే పోతారు. కొంగో తుండుగుడ్డో స్తంభం అడుగున దూర్చి ఇవతలి నుంచి లాగుతారు. అక్కడ ఫొటో తీయవలసింది రాతిని కాదు, రాతికీ నేలకూ మధ్యనున్న సందును. ఆటోఫోకస్‌కు ఇంతకంటే కష్టమైన పని లేదు. ఖాళీ మీద అది నిలవలేదు, నల్లటి సందులో పట్టుకోవడానికి గీత ఉండదు. పాయింట్ల ఎంపిక కెమెరాకు వదిలేస్తే గుడ్డ లాగుతున్న చెయ్యినో, ముందున్న పాదాన్నో పట్టుకుంటుంది. స్తంభం అడుగు అంచు మీద ఒక్క పాయింట్ పెట్టాలి, అది ఫ్రేమ్‌లో బాగా కిందకు రావాలి, కెమెరా నేలకు దగ్గరగా దిగాలి. ఈ మూడూ కలిస్తేనే సందు కనిపిస్తుంది. ఫోకస్ నిర్ణయం ముందు వచ్చింది, కెమెరా ఎత్తు దాని వెనక వచ్చింది. నిలబడి తీసిన ఫొటోల్లో ఆ స్తంభం మామూలు స్తంభంలా కనిపించడానికి కారణం ఇదే.

పైకప్పు బొమ్మల సంగతి ఇంకొకటి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం మొదలైన కథలు ఎర్రటి, కావి రంగు నేల మీద నల్లటి గీతలతో పరుచుకుని ఉంటాయి. పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద పెద్ద కళ్ళు, చీరల మీద గళ్ళూ చారలూ. రంగులు వెలిసిన చోట ఫోకస్ జారిపోతుంది, నల్ల గీత ఉన్న చోట నిలుస్తుంది. ఆ చిత్రకారులు కంటి రేఖకు ఇచ్చిన బలం నాలుగు వందల ఏళ్ళు దాటినా ఒక జపాన్ యంత్రానికి ఆధారంగా పనికొస్తోంది. అయితే తల వెనక్కి వాల్చి ఏటవాలుగా తీస్తే బొమ్మలో ఒక కొస స్పష్టంగా, మరో కొస మసకగా వస్తుంది. స్పష్టత ఒక తలంలోనే ఉంటుంది, పైకప్పు ఇంకో తలంలో ఉంది. రెండూ సమాంతరమైతే చిక్కే లేదు, ఎఫ్/4 కూడా చాలు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడిలో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి, నేల మీద కెమెరా పెట్టడానికి అక్కర్లేదు. ముందు ఒక నల్ల గీత మీద ఫోకస్ పట్టి, లెన్స్‌ను మాన్యువల్‌లోకి మార్చి, కెమెరాను వెల్లకిలా నేల మీద ఉంచి, సెల్ఫ్ టైమర్ పెట్టి పక్కకు తప్పుకుంటే సరి. ఫ్లాష్ జోలికి పోవద్దు, ఆ రంగులకు అది మంచిది కాదు. గుడికి కొద్ది దూరంలోని ఏకశిలా నంది దగ్గర పని తేలిక, కన్ను మీద చుక్క, ఆ చూపు పోయే వైపు ఖాళీ. నంది చూపు నాగలింగం వైపు కాబట్టి ఖాళీ ఎటు వదలాలో రాయి చెక్కినవాళ్ళే చెప్పేశారు.

ఇక మిగిలిన రెండు అభ్యంతరాలూ బలమైనవే. ఒకటి, క్రాప్. అన్నీ మధ్యలో పెట్టి తీసి ఇంటికొచ్చాక కంప్యూటర్లో కత్తిరించుకోవచ్చు. 24 మెగాపిక్సెల్ ఫొటోను నిలువునా అడ్డంగా సగానికి కోసినా 6 మెగాపిక్సెల్ మిగులుతుంది, పది అంగుళాల ప్రింటుకు అది చాలు. ఈ లెక్కను కాదనలేం. పక్షులు తీసేవాళ్ళు రోజూ చేసే పని కూడా. కాకపోతే క్రాప్ ఫ్రేమ్‌నే మారుస్తుంది. చుక్క పడిన చోటును, నిలబడిన చోటును, కెమెరా ఎత్తును మార్చలేదు. లేపాక్షి స్తంభం ఫొటోను ఎంత కత్తిరించినా సందు పెద్దది కాదు. రెండోది, కాలం. నికాన్ డీ6, కెనాన్ 1డీఎక్స్ మార్క్ 3 రెండూ 2020లో వచ్చాయి. ఆ తర్వాత ఆ రెండు కంపెనీలూ ఆ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్ తేలేదు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో పాయింట్లు ఫ్రేమ్ అంచుల దాకా పరుచుకుంటాయి, కంటిని తామే గుర్తుపట్టి వెంటాడతాయి. అద్దం ఉన్న కెమెరాతో ఈ కుస్తీ ఎందుకు? ఒక కారణం డబ్బు. మిర్రర్‌లెస్ వైపు మారినవాళ్ళు అమ్మేసిన మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు కోఠి లాంటి బజార్లలో సెకండ్ హ్యాండ్‌కు దొరుకుతున్నాయి. చేతిలో తక్కువ డబ్బున్న కుర్రవాళ్ళు కొనేది అవే. రెండో కారణం, కన్ను గుర్తుపట్టడం వేరు, ఎవరి కన్నో తెలుసుకోవడం వేరు. గుడి మెట్ల మీద పదిమంది కూర్చుని ఉంటే మనకు కావలసిన ముసలమ్మ ఏ మూలనుందో కెమెరాకు ఎలా తెలుస్తుంది? పాయింట్లు వేలకు పెరిగినా ఆ ప్రశ్న మన దగ్గరే ఉంటుంది. ఎంచుకోవడానికి తొమ్మిదే ఉన్న కెమెరా ఆ ప్రశ్నను త్వరగా నేర్పుతుందని నేను అనుకుంటాను.

లేపాక్షికి దగ్గర్లోనే, చిలమత్తూరు మండలంలో, వీరాపురం ఉంది. చలికాలం చివర పెయింటెడ్ స్టార్క్ జాతి కొంగలు వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని వానల రోజుల్లో వెళ్ళిపోతాయి. సైబీరియా పక్షులని పిలుస్తారు గాని ఇవి మన ఉపఖండానివే. ఇంతవరకు చెప్పినదానికి ఇక్కడ ఎదురుదెబ్బ తగిలేలా ఉంటుంది. ఎగిరే కొంగ మీద ఒక్క చుక్క నిలపడం కష్టం, కెమెరాకే వదిలేయడం తెలివి కదా? సగం నిజం. వదిలేయవలసింది వెంటాడే పనిని, ఎంపికను కాదు. ఫోకస్‌ను నికాన్‌లో ఏఎఫ్-సీ, కెనాన్‌లో ఏఐ సర్వో చేయాలి, అప్పుడు దూరం మారేకొద్దీ కెమెరా సరిచేసుకుంటూ పోతుంది. నికాన్‌లో డైనమిక్ ఏరియా ఉంటే మనం ఎంచిన పాయింట్ నుంచి పక్షి క్షణంపాటు జారినా పక్క పాయింట్లు సాయపడతాయి. ఎంచిన పాయింట్ మాత్రం మనదే. కొంగ ఎడమకు ఎగురుతుంటే ముందు ఖాళీ కావాలి కాబట్టి చుక్క ఫ్రేమ్‌లో కుడి వైపున ఉండాలి. దిశ మారితే చుక్కా మారాలి. పాయింట్లన్నీ తెరిచిపెడితే కెమెరా దగ్గరి కొమ్మను పట్టుకుంటుంది, లేదా తెల్లటి ఆకాశం మీద తెల్లటి రెక్కల్ని పోల్చుకోలేక తచ్చాడుతుంది. రెక్క చివరి నల్ల ఈకలో, పసుపు ముక్కులో దానికి గీత దొరుకుతుంది. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసి వెనకున్న బటన్‌కు మార్చుకుంటే ఇంకా సుఖం. బొటనవేలు నొక్కి ఉంచినంతసేపు వెంటాడుతుంది, వదిలితే ఆగుతుంది. గూట్లో కూర్చున్న కొంగకూ ఎగిరే కొంగకూ మోడ్ మార్చే పని ఉండదు. షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకుండా చూసుకోవాలి.

ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టి, రాళ్ళు విసిరి కొంగల్ని లేపే పని మాత్రం చేయకండి. తల్లి లేచిపోతే గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. అరగంట ఆగితే అవే మేతకు లేస్తాయి, అవే తిరిగొస్తాయి. ఆలోగా చుక్కను ఎటు పెట్టాలో తేల్చుకోండి.